ముందే పూసిన గన్నేరు

"మీ ఇంట్లో గన్నేరు చెట్టేమైనా ఉందా?"

డాక్టరమ్మ ఆ మాట మామూలుగానే అడిగింది. అడిగి, చేతులకు వేసుకున్న తొడుగులు లాగి బుట్టలో పడేసింది. ఐసీయూ తలుపు దగ్గర నిలబడిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గీతాంజలి చేతిలో అత్త చెప్పులున్నాయి. ఆమెను పెనుకొండ నుంచి తెచ్చి హిందూపురం ఆసుపత్రి ముందర వ్యాన్‌లోంచి దించేటప్పుడు జారిపోతే తీసి పట్టుకుంది. ఎక్కడ పెట్టాలో తోచక అప్పట్నుంచీ అట్లే పట్టుకుని తిరుగుతోంది.

"ఉండాది," అంది ఆడబిడ్డ సుచిత్ర. "మా మరదలు సాకిన చెట్టు. ఎరువేసి, నీళ్ళు పోసి, బిడ్డ మాదిరి సాకింది. ఆమెనే అడగండి."

డాక్టరమ్మ గీతాంజలి వైపు తిరిగింది. "పొద్దున ఏం తాగింది మీ అత్త?"

"కషాయం తాగె మేడం. ఆమెకు షుగర్. ఒకనాడు మెంతులు, ఒకనాడు తిప్పతీగ, ఏదో ఒకటి కాసుకుని తాగుతాది. రాత్రే కాసి మూతపెట్టుకుంటాది. పొద్దున నేను వేడి చేసి ఇస్తా."

"ఈ రోజూ నువ్వే ఇచ్చావా?"

"నేనే ఇచ్చినా."

"ఏం కషాయం అది?"

"నేను అడగలేదు మేడం."

సుచిత్ర చిన్నగా నవ్వింది. ఆ నవ్వు గీతాంజలికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"చూడండమ్మా," అంది డాక్టరమ్మ. "ఆమె గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. వాంతులు ఆగలేదు. చూసినవన్నీ పచ్చగా కనబడుతున్నాయంటోంది. ఇదంతా గన్నేరు విషం లక్షణం. కానీ ఊహించి వైద్యం చేయలేను. ఆ కషాయం మిగిలి ఉంటే తీసుకురండి. ఆకు పిప్పి దొరికినా చాలు. ఇంకొక మాట. విషం కేసు కాబట్టి పోలీసులకు చెప్పక తప్పదు. చెప్పేశాం కూడా."

పోలీసులన్న మాటకు గీతాంజలి భర్త హరికృష్ణ తలెత్తాడు. బోరు మోటర్లకు వైండింగ్ చేసే మనిషి. పొద్దున అంగడిలో ఉన్నవాడు ఉన్నట్టే పరుగెత్తి వచ్చాడు. గోళ్ళలో వార్నీషు ఇంకా అట్లే ఉంది.

"నేను పోయి తెస్తా," అంది గీతాంజలి.

"ఈమెనా?" సుచిత్ర గొంతు పెరిగింది. వరండాలో కూర్చున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. "ఈమెను పంపితే ఆడ ఇంకేముండాది హరీ? కడిగి పారబోసి, ఏమీ లేదని వస్తాది. నేను పోతా. లేకుంటే నువ్వు పో."

"వదినా, ఏం మాట అది? నేనేంటికి పారబోస్తా?"

"ఏంటికో నీకే తెలియాల. మాత్తర్లు మింగలేదని మా అమ్మతో రోజూ గలాటా పెట్టుకుంటాంటివి గదా? పోయిన వారం ఫోన్లో ఏడ్చె నాతో. కోడలు నన్ను బతకనీదే అని."

గీతాంజలి భర్త వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమోనని చూసింది. హరికృష్ణ గోడకున్న నోటీసు కాగితాన్ని చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"ఎవరో ఒకరు తొందరగా వెళ్ళండి," అంది డాక్టరమ్మ విసుగ్గా. "కొట్లాట తర్వాత పెట్టుకోవచ్చు. ఆమెకు ఏమైనా అయితే సంతకం పెట్టడానికి కొడుకు ఇక్కడే ఉండాలి."

"నువ్వే పోయిరా," అన్నాడు హరికృష్ణ చివరికి. నమ్మి అన్నాడో, కళ్ళ ముందు నుంచి పంపేయాలని అన్నాడో గీతాంజలికి తెలియలేదు. తలుపు దాటబోతుంటే వెనక నుంచి, "పాప ఒకతే ఉండాది," అన్నాడు.

పాప మాట వినగానే గీతాంజలి నడక పరుగైంది.

* * *

పక్కింటి అన్వర్ తన ఓమ్నీ వ్యాన్‌తో ఆసుపత్రి గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. పొద్దున అత్త గంగాదేవిని తెచ్చింది ఆ వ్యాన్‌లోనే. వెనక సీటు కడిగాడు గానీ వాంతి వాసన పోలేదు.

"ఎట్లుండాది గీతమ్మా, మీ అత్తకు?"

"చెప్పలేకుండారన్నా. బిరీన పోనీ."

అన్వర్ నీళ్ళ సీసా వెనక్కి అందించి బండి తీశాడు.

ఊరు దాటి, పెద్ద రోడ్డు ఎక్కాక, రెండు దారుల మధ్య నాటిన గన్నేరు చెట్లు మొదలయ్యాయి. పెనుకొండ దాకా అవే. దుమ్ము పట్టి, ఆకులు తప్ప ఇంకేమీ లేకుండా నిలబడి ఉన్నాయి. ఎండలు ముదిరితే గానీ వాటికి పూత రాదు. గీతాంజలి ఇంటి దగ్గరి చెట్టు మాత్రం పుష్యమాసంలోనే నిండుగా పూసింది.

ముందే పూసే రకమనే దాన్ని తెచ్చుకుంది. రోడ్డు పక్క నర్సరీలో పొట్టిగా, మోకాలెత్తున ఉండింది. ధర్మవరంలో ఆమె పుట్టింట్లో మొక్క పెట్టడానికి చారెడు మన్ను లేదు. ఉన్న రెండు గదుల్లో ఒకటి మగ్గానిదే. వాళ్ళ నాయన రామచంద్ర పట్టుకు రంగులు కలుపుకుంటూ, "ఇది గన్నేరు రంగు పాపా," అని దారం కండె ఎత్తి చూపేవాడు. పువ్వు చూడకముందే ఆ రంగు ఆమెకు తెలుసు. పెండ్లయి పెనుకొండ వచ్చాక, గోడ మూలన ఖాళీ జాగా చూసి, ఎప్పటికైనా ఈడ గన్నేరు పెడతానని అనుకుంది.

పోయిన వానలకు పెట్టింది. ఎర్రమన్నులో ఇసుక కలిపి, పక్కింటి మాబున్నీ వాళ్ళ మేకల ఎరువు వేసింది. వానలు వెనకబట్టాక కొమ్మల చివర్లు కత్తిరించింది. కత్తిరించిన ప్రతి చోటా రెండు మూడు చిగుళ్ళు లేచాయి. నీళ్ళు పోసే ముందు మన్నులో వేలు గుచ్చి తడి చూసేది. మొగ్గ కనబడిన నాడు హరికృష్ణను చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించింది.

"ఇంటి ముందర గన్నేరేంటికి?" అని మొదట్లో గొణిగిన అత్త, పూత మొదలయ్యాక సోమవారం సోమవారం శివుడి పటానికి ఆ పూలే పెట్టింది. "రెండు పూలు తెంపుకరామ్మా" అని అడిగింది. ఏదైనా కావాలని అత్త నోరు తెరిచి తనను అడగడం అదే మొదలు.

పాలు కారే చెట్టని గీతాంజలికి తెలుసు. మేకలు మూతి పెట్టవని మాబున్నీ ముందే చెప్పింది. "అట్లయితే కంచె కట్టే పని లేదు" అని తాను నవ్వింది. మేకలు ఎందుకు మూతి పెట్టవో ఆ రోజు అడగలేదు.

ఇప్పుడు ఆమెను తినేస్తున్నది వేరే సంగతి. నిన్న సాయంత్రం కూతురు చైత్ర ఆ చెట్టు దగ్గర నిలబడి ఆకులు తుంచడం తాను చూసింది. "చేతులు కడుక్కోవే, పాలు అంటుకుంటే మండుతాది" అని మాత్రం అరిచి లోపలికి పోయింది. పిల్ల మూడో తరగతి. ఏ ఆకు దొరికితే ఆ ఆకు తరిగి, చిప్పల్లో వేసి, వంటలాట ఆడుతుంది. ఆ చిప్పలోది అవ్వ కషాయంలోకి పోసి ఉంటే? ఆటకే పోసి ఉంటే?

"అన్నా, ఇంకొంచెం బిరీన," అంది.

"పోతానే ఉండాను తల్లీ."

* * *

పెనుకొండలో వాళ్ళ వీధి మలుపు తిరగగానే కొండ కింద ఇల్లు కనబడింది. గేటు బయట నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వ్యాన్ చూసి మాటలాపారు. ఒకామె కళ్ళు గీతాంజలి మీది నుంచి గోడ మూలకు పోయి, మళ్ళీ గీతాంజలి మీదికి వచ్చాయి.

గోడ మూలన గన్నేరు విరగబూసి ఉంది. పొద్దున ఆకు కనబడకుండా పూసిందని మురిసింది ఇదే చెట్టును చూసి. ఇప్పుడు దానికి దూరంగా జరిగి గడప వైపు నడిచింది.

మాబున్నీ గడపలోనే కూర్చుని ఉంది. అన్వర్ పెండ్లాం. గీతాంజలి కన్నా పెద్దది, తోడబుట్టినట్టు ఉంటుంది.

"ఏమనిరి గీతా?"

"విషమంటాండారక్కా. కషాయం గిన్నె యాడుండాది?"

మాబున్నీ లేచి నిలబడింది. "పెరట్లో ఉండాది. తోమి బోర్లించినా."

"తోమినావా?"

"మీరు పోయినాక ఇల్లంతా వాంతులే గదా. కడిగి, అంట్లన్నీ తోమి పెడితి. నాకేం తెలుసు గీతా? మంచికే చేస్తి."

గీతాంజలికి కడిగి పారబోసి వస్తాది అన్న సుచిత్ర మాట చెవిలో మోగింది. తోమింది మాబున్నీ అని చెబితే నమ్మేదెవరు? పక్కింటామెతో కూడబలుక్కుందని కూడా అంటారు.

"పాప యాడ?"

"మీ అత్త మంచం మీద పడుకోనుండాది. అన్నం ముట్టలా. నోరు తెరవలా. పిలిస్తే ఇంకా ముడుచుకుంటాది."

లోపలి గదిలో, మిట్టమధ్యాహ్నం పూట, దుప్పటి తల దాకా కప్పుకుని పడుకుంది చైత్ర. దుప్పటి అంచు బయట చిన్న పాదం ఒకటి కనబడుతోంది. గీతాంజలి మంచం పట్టెమీద కూర్చుంది.

"చైత్రా."

దుప్పటి కదిలింది.

"నేను కొట్టను. ముఖం చూపించమ్మా."

"అవ్వ సచ్చిపోయెనా?"

"లేదు. బతికే ఉండాది. డాక్టరమ్మ చూస్తాండాది."

"నిజంగా?"

"నిజంగా."

దుప్పటి నెమ్మదిగా దిగింది. ఏడ్చి ఏడ్చి పిల్ల ముఖం ఉబ్బిపోయింది.

"నిన్న చెట్టుకాడ ఆకులు తెంపినావు గదా. ఏం చేసినావు వాటిని?"

చైత్ర గోడవైపు తిరిగింది. "చెప్పకూడదు. ఒట్టేసినా."

"ఎవరికి?"

"అవ్వకు."

"అవ్వకా? ఏమని వేయించుకునె?"

"నీకు చెప్పొద్దనె. చెప్తే మాత్తర్లు మింగమని గలాటా చేస్తావంట. గన్నేరాకు తెంపుకరా, లేతవి తెంపు అనె. నేను ఒడి నిండా తెచ్చిస్తి. అవ్వనే నీళ్ళ పొయ్యి మీద కాసె." పిల్ల చేత్తో ముక్కు తుడుచుకుంది. "కంపు కొట్టె. తాగొద్దవ్వా అంటి. మందు అట్లే ఉంటాదిలే అనె."

"ఆ మందు ఎవరు చెప్పినారు అవ్వకు?"

"సుచిత్రత్త."

సరిగానే విన్నానా అని గీతాంజలి పిల్ల ముఖంలోకి చూసింది.

"ఎట్ల చెప్పె?"

"ఫోన్లో. అవ్వకు చెవి వినపడదు గదా, గట్టిగా వినపడేట్ల పెట్టినాది. నేను ఈడే రాసుకుంటాంటి. గన్నేరాకు కాసి పరగడుపున తాగమ్మా, మా వీధిలో ఒకామెకు షుగర్ అంతా దిగె అని చెప్పె అత్త."

బయట మాబున్నీ ఎవరినో ఇళ్ళకు పొమ్మని కసురుతోంది. గీతాంజలి కళ్ళ ముందు వేరే మొక్క కదిలింది. ధర్మవరంలో మురికి కాలువ అంచున, గోడ పగుళ్ళలో ఎవరూ పెట్టకుండా మొలిచే చిన్న మొక్క. బిళ్ళగన్నేరు. షుగర్ ఉన్నవాళ్ళు దాని ఆకులు నమలడం ఆమె చిన్నప్పుడు చూసింది. అది మంచిదో కాదో ఆమెకు తెలియదు. కానీ సుచిత్ర చెప్పాలనుకున్నది దాన్నే అయి ఉంటుంది. పేరులో సగం ఆమె మింగిందో, అత్త చెవికే సగం చేరిందో.

డాక్టరమ్మ గన్నేరు అన్నాక వదిన అంత గట్టిగా ఎందుకు అరిచిందో ఇప్పుడు తెలిసింది. ఆ మాట విన్న క్షణమే సుచిత్రకు అర్థమైపోయింది. తనలాగే ఆమెకూ భయం పట్టింది.

"అమ్మా." చైత్ర చీర కొంగు పట్టుకుంది. "నేను అవ్వను సంపినానా?"

గీతాంజలి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"లేదమ్మా. నువ్వేం చేయలేదు. పెద్దోళ్ళు తెమ్మంటే తెచ్చినావు. అంతే."

"పోలీసోళ్ళు నన్ను పట్టుకపోతారని బయట ఆ ఆంటీ అనె."

"ఎవరూ పట్టుకపోరు. నేనుండా." పిల్ల ముఖం కొంగుతో తుడిచింది. "ఆకు పిప్పి అవ్వ యాడ పారబోసెనో చూసినావా?"

"చెట్టు మొదట్లో నాతోనే పోయించె. ఎరువైతాదిలే అనె."

* * *

ఉడికిన ఆకులు గన్నేరు మొదట్లో ఎర్రమన్ను మీద నల్లబడి పడి ఉన్నాయి. పొడుగ్గా, సన్నగా, ఏ ఆకో గుర్తుపట్టేట్టే ఉన్నాయి. గీతాంజలి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని వాటిని ఏరింది. పూల గుత్తులు తలకు తగులుతుంటే తల ఇంకా కిందికి వంచింది.

వెనక అలికిడైతే తిరిగి చూసింది. మాబున్నీ మచ్చుకత్తి తెచ్చింది.

"పక్కకు రా గీతా. మొదలంటా నరికేస్తా దీన్ని."

"వద్దక్కా."

"ఇంకా దీని మీద మమకారమా నీకు?"

"మమకారం కాదు. ఇప్పుడు నరికితే, చేసిందంతా దాచిపెట్టేకి నరికిందంటారు. వీధిలో అందరూ చూస్తాండారు."

మాబున్నీ కత్తి దించింది. గీతాంజలి జరిగింది చెప్పింది. మాటల మధ్యలోనే మాబున్నీ గడప వైపు, లోపలి గది వైపు చూసింది.

"పాప పేరు స్టేషన్ దాకా పోనీకు గీతా. చిన్న పిల్ల. ఖాకీ బట్టలోళ్ళు ఎదురుగా కూర్చుని అడిగితే అదురుకుంటాది. జీవితమంతా అవ్వను నేనే అట్ల చేసినా అనుకుంటా ఉంటాది."

"పాప పేరు రాకుంటే నా పేరొస్తాదక్కా."

"వదిన పేరు చెప్పు."

"వదిన చెప్పిందని నాకెట్ల తెలిసె అంటే? విన్నది పాపనే గదా."

మాబున్నీ కత్తి గోడకు ఆనించింది. "పాపను నా కాడనే పెట్టుకుంటా. నువ్వు పో," అని మాత్రం అంది.

వ్యాన్ ఎక్కుతుంటే ఫోను మోగింది. హరికృష్ణ.

"పోలీసోళ్ళు వచ్చినారు. దొరికెనా?"

"దొరికె. తెస్తాండా. అత్తకెట్లుండాది?"

"కండ్లు తెరిచె. ఇంకా చెప్పలేమంటాండారు." అతను గొంతు తగ్గించాడు. "గీతా."

"ఊఁ."

"నీకేం తెల్దు గదా?"

ఆమె ఫోను చెవి దగ్గర నుంచి తీసి ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకుంది. "నీకు అనుమానం ఉండాదా?"

"అట్ల కాదు..."

"మరెట్ల?"

ఫోను ఎవరు ముందు పెట్టేశారో ఆమెకు గుర్తులేదు.

* * *

ఆసుపత్రికి చేరేసరికి ఎండ వాలింది. డాక్టరమ్మ కవరు తెరిచి, ఒక ఆకు పట్టకారుతో ఎత్తి చూసి, "గన్నేరే" అంది. నర్సుకు ఏదో చెప్పింది. నర్సు పరుగున పోయింది.

"తొందరగా తెచ్చి మంచిపని చేశావమ్మా. తాగింది కొంచెమే, వాంతులూ అయ్యాయి కాబట్టి నిలబడింది. రేపటి దాకా గడవాలి. గడవకపోతే బెంగుళూరు పంపిస్తాను."

ఐసీయూ లోపల మంచం పక్కన హెడ్ కానిస్టేబుల్ పోతులయ్య నిలబడి ఉన్నాడు. నెరిసిన మీసాలు, అలిసిన ముఖం. మంచానికి అటువైపు సుచిత్ర, తల్లి చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. హరికృష్ణ కాళ్ళ దగ్గర.

"రెండు మాటలే అడగండి," అంది డాక్టరమ్మ. "ఆమెను ఆయాసపెట్టొద్దు."

గంగాదేవి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక్క పూటలో ముఖం గుంజుకుపోయింది. గీతాంజలి కనబడగానే ఆ కళ్ళు బెదిరి పక్కకు తప్పుకున్నాయి.

"పెద్దమ్మా," అన్నాడు పోతులయ్య ఆమె చెవి దగ్గరికి వంగి, గట్టిగా. "పొద్దున నీకు కషాయం ఎవరిచ్చినారు?"

"కోడలు."

"ఏం కషాయమని ఇచ్చె?"

గంగాదేవి కూతురి వైపు చూసింది. సుచిత్ర ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. తల్లి చెయ్యి పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. అత్తగారింట్లో సుచిత్రకు అసలే పొసగని రోజులు. తల్లి ప్రాణం మీదికి తెచ్చిందన్న పేరు కూడా వస్తే ఆ గడప తొక్కనివ్వరని గంగాదేవికి తెలుసు.

"ఏమిచ్చెనో నాకేం తెలుసు నాయనా," అంది గంగాదేవి. "ఇచ్చె. తాగితి."

గీతాంజలికి ఆ మాట వినబడింది గానీ కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి అందరూ తననే చూస్తున్నారు.

"విన్నారు గదా సార్?" అంది సుచిత్ర. గొంతులో బలం లేదు.

"ఏమ్మా?" పోతులయ్య గీతాంజలి వైపు తిరిగాడు.

"నేనే ఇచ్చినా సార్. వేడి చేసి నా చేత్తోనే ఇచ్చినా. కానీ అందులో ఏమున్నదో నాకు తెల్దు. వదినా..." ఆమె మంచం మీదుగా సుచిత్ర కళ్ళలోకి చూసింది. "అత్తకు ఫోన్లో ఏ ఆకు చెప్పినావు? గన్నేరా, బిళ్ళగన్నేరా?"

హరికృష్ణ అక్క వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి అతను నేరుగా ఒకరి ముఖం చూడటం అదే మొదటిసారి. "ఏం ఆకక్కా? ఏం చెప్పినావు అమ్మకు?"

"నేనేం చెప్పలేదు," అంది సుచిత్ర. "నేనెప్పుడు చెప్పినా? కథలు అల్లుతాండాది హరీ."

"నువ్వు ఆగప్పా," అన్నాడు పోతులయ్య హరికృష్ణతో. ఆయన గీతాంజలినే చూస్తున్నాడు. "ఫోన్లో చెప్పిన మాట నీకెట్ల తెలుసమ్మా? నువ్వు పక్కనే ఉంటివా?"

నాలుక దాకా వచ్చిన పాప పేరును గీతాంజలి మింగేసింది.

"లేకుంటే విన్నదెవరు? పోనీ, ఈ ఆకు తెంపిందెవరు? పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులంట, మెట్లు దిగలేదంట, మీ ఆయనే చెప్పె. మరి గోడ మూలకు పోయి తెంపుకొచ్చిందెవరు?"

దుప్పటి అంచున కనబడిన చిన్న పాదం గీతాంజలి కళ్ళలో మెదిలింది. ఈ మనిషి రేపు తమ గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నీ పేరేంటి పాపా అని మెల్లగానే అడుగుతాడు. పిల్ల చెబుతుంది. ఒట్టు కూడా తప్పి చెబుతుంది. ఆ తర్వాత అవ్వకు ఏమైనా అయితే?

"చెప్పమ్మా. ఎవరు తెంపినారు?"

"నేనే," అంది గీతాంజలి. "నేనే తెంపినా సార్."

హరికృష్ణ మంచం కమ్మీ పట్టుకున్నాడు. సుచిత్ర తలెత్తి, నమ్మలేనట్టు చూసింది. అది అబద్ధమని గీతాంజలి కాక ఆ గదిలో తెలిసిన మనిషి ఒకరే. గంగాదేవి ఇప్పుడు కళ్ళు తిప్పుకోకుండా కోడలినే చూస్తోంది.

"తెలిసి తెంపినావా, తెలియక తెంపినావా అనేది స్టేషన్లో మాట్లాడుకుందాం," అన్నాడు పోతులయ్య. ఆయన గొంతులో కోపం లేదు. "బయట జీపులో ఆడ కానిస్టేబుల్ ఉండాది. ఆమె పక్కన కూర్చో తల్లీ."

"సార్, ఒక్క నిమిషం..." హరికృష్ణ అడ్డం వచ్చాడు.

గీతాంజలి మంచం చుట్టి తలుపు వైపు నడిచింది. రెండడుగులు పోయాక కొంగు వెనక్కి లాగింది. ఏ కమ్మీకో తగులుకుందనుకుని తిరిగి చూసింది.

గంగాదేవి చెయ్యి కూతురి చేతుల్లోంచి బయటికి వచ్చి ఉంది. సూది గుచ్చిన ఆ చేత్తోనే కోడలి కొంగు పట్టుకుంది. పట్టీ కింద రక్తం ఉబికింది.

"యాడికి?" అంది పోతులయ్యతో. గాలి అందక ఆగి, మళ్ళీ అంది. "యాడికి తీసకపోతాండారు ఆమెను?"

"నువ్వు చెప్పినందుకే గదా పెద్దమ్మా, తీసకపోతాండేది," అన్నాడు పోతులయ్య.

గంగాదేవి కొంగు వదల్లేదు.